డిక్కీలో ఆగ్నేయం మూల

కారు బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన దగ్గర ఒక్కో కాలంలో ఒక్కో జవాబు ఉండేది. కారు కొన్న కొత్తలో "మనం చూసుకునేదాన్ని బట్టి" అనేవారు. మొదటి బ్యాటరీ పోయాక "కంపెనీని బట్టి" అన్నారు. రెండోది కూడా పోయాక నా వైపు అదోలా చూసి, "నడిపేవాళ్ళని బట్టి" అన్నారు.

నూజివీడులో బ్యాటరీల కొట్టాయన మాత్రం ఎప్పుడడిగినా ఒకటే చెప్పేవాడు. "మూడేళ్ళండీ. మహా అయితే నాలుగు. మన ఎండలకి అంతకంటే ఆశపడకూడదండీ." మా ఇంట్లో బ్యాటరీకి ఆ మూడేళ్ళ యోగం కూడా ఉండేది కాదు. మామిడికాయలు దిగే రోజులు రాగానే అది కన్నుమూసేది. ఆ కొట్టాయన మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించే స్థితికి వచ్చాం.

ఈ బ్యాటరీ గొడవలో నాకేం పని అంటారేమో. నాకే పని. నేను చాట్రాయి హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇల్లు నూజివీడులో. పొద్దున్నే ఒక బస్సు, అది దిగాక షేర్ ఆటో. ఆటోలో ఓ అంచు మీద కూర్చుని, చెంగు గాలికి పోకుండా ఒక చేత్తోనూ, క్యారేజీలో పప్పు ఒలకకుండా ఇంకో చేత్తోనూ పట్టుకుని, నన్ను పట్టుకునే బాధ్యత దేవుడికి వదిలేసి వెళ్ళేదాన్ని. నేను వెళ్ళేసరికి ప్రార్థన అయిపోతుండేది. ఇలా ఏళ్ళ తరబడి వెళ్ళాక, నలభై ఏళ్ళు దాటాక, నాకు ఒక కోరిక పుట్టింది. నా కారు నేనే నడుపుకుంటూ బడికి వెళ్ళాలి. నగలు అడగలేదు, తీర్థయాత్రలు అడగలేదు. అది ఒక్కటే.

మా ఆయన నేర్పనన్నారు. నేర్పితే సంసారం నిలవదని ఆయన భయం. అది నిజమే అయ్యుండొచ్చు. డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను, పరీక్ష పాసయ్యాను, లైసెన్సు తెచ్చుకున్నాను. దాన్ని పర్సులో పెట్టుకుని మళ్ళీ అదే బస్సెక్కాను. టికెట్టుకి చిల్లర తీసినప్పుడల్లా ఆ కార్డు మీది నా ఫోటో, ఏమ్మా ఇంకా బస్సేనా అన్నట్టు నన్నే చూసేది. తాళం అడిగితే మా ఆయన నెమ్మదిగా, ఆఫీసులో ఫైలు వెనక్కి పంపే గొంతుతో అనేవారు: "బ్యాటరీ నిలబడని బండిని నీ చేతికిచ్చి అంత దూరం ఎలా పంపమంటావు? మధ్యలో ఆగిపోతే?"

కాబట్టి నా కోరిక ఆ నల్లటి డబ్బాలో ఇరుక్కుపోయింది.

ఇక మామిడికాయల సంగతి. ఆగిరిపల్లి దగ్గర మాకు కొంచెం తోట ఉంది. తోట అన్నానని మేమేదో చెమటోడుస్తామనుకునేరు. పూత మీదే కౌలుకి ఇచ్చేస్తాం. అయితే మా వైపు ఎవరు తోట ఇచ్చినా ఇంటి చెట్లని రెండు మూడు విడిగా ఉంచుకుంటారు. మాకు రెండు చిన్న రసాలు, ఒక పెద్ద రసం. కౌలుకి తీసుకున్నాయన ఆ మూడు చెట్ల జోలికి రాడు. కోత రోజున ఆ కాయలు గోనెసంచుల్లో, మోటారుసైకిలు మీద మా ఇంటికి వస్తాయి.

వాటిని గడ్డిలో వేసి మాగబెట్టడం మా అత్తగారి శాఖ. అందులో ఇంకొకరు వేలు పెట్టడానికి వీల్లేదు. ఉంగుటూరులో ఆవిడ పుట్టింటివాళ్ళు పంపే వరిగడ్డి తప్ప ఇంకోటి పనికిరాదు. పూర్వం వెనక గదిలో వేసేవారు. అక్కడ ఎలుకలు మాకంటే ముందే రుచి చూసేవి. వరండాలో వేస్తే కోతులు. కోతులు తినిపోతే పోనీ అనుకోవచ్చు, ఒక్కోటి కొరికి చూసి, నచ్చనట్టు మా మీదకే విసిరేవి.

కారు వచ్చిన మొదటి వేసవిలో మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వచ్చి ఆగారు.

"దీని వెనకాల అంతా ఖాళీయేగా?" అన్నారు.

"డిక్కీ అమ్మా. సామాను పెట్టుకోడానికి."

"ఎలుక దూరుతుందా?"

"దూరదు."

"కోతి?"

మా ఆయన కోతి కూడా దూరదని గర్వంగా చెప్పారు. ఎందుకు అడుగుతోందో అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. ఆ కారులో నన్ను వేరుశెనక్కాయలు కూడా తిననివ్వని మనిషి, డిక్కీలో గోనెసంచుల కొద్దీ కాయలు దించుతుంటే నోరెత్తలేదు. అమ్మ దగ్గర ఆయన నోరు ఎప్పుడూ అంతే.

గడ్డి ఒక పొర, కాయలు ఒక వరస, మళ్ళీ గడ్డి. అలా వేస్తూ పోతే డిక్కీ మూత పడలేదు. గట్టిగా నొక్కుదామంటే రసం కాయ తోలు పల్చన, లోపల కమిలిపోతుంది. "నొక్కొద్దు. కాయలకి ఊపిరాడాలి కూడానూ" అని మా అత్తగారు కొబ్బరితాడు తెచ్చి, వేలు దూరేంత సందు వదిలి మూతని బంపరుకి కట్టించారు. పళ్ళు తయారయ్యేదాకా కారు కదలకూడదని ఆజ్ఞ. కదిలితే కాయలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయట.

ఆ ఏడు పళ్ళు అద్భుతంగా వచ్చాయి. ముఖ్యంగా డిక్కీలో ఎడమ మూలవి అన్నిటికంటే ముందే పండాయి. మా అత్తగారు రెండు రోజులు ఆలోచించి కారణం కనిపెట్టారు. మా గేటు పడమర. కారు గేటు వైపు చూస్తుంటే డిక్కీ తూర్పున ఉంటుంది, దాని ఎడమ మూల సరిగ్గా ఆగ్నేయానికి వస్తుంది. "అగ్నిమూల. పండక ఏం చేస్తాయి?" అన్నారు. అది మొదలు వేసవిలో కారు అదే దిక్కుకి, అదే చోట నిలబెట్టాలి. వాస్తు ఇంటికి చూస్తారని విన్నాను గానీ డిక్కీకి చూడటం మా ఇంట్లోనే చూశాను.

పళ్ళు తీశాక, తోటకి వెళ్దామని మా ఆయన తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. కొట్టాయన వచ్చి చూసి ఎండలన్నాడు. కొత్తది వేయించాం. మరుసటి వేసవిలోనూ సరిగ్గా అదే జరిగింది. అప్పుడు మా ఆయన ఆలోచనలో పడి ఒక ప్రశ్న వేశారు.

"ఆగిపోయేముందు ఆఖరుసారి దీన్ని నడిపిందెవరు?"

నేనే. రెండేళ్ళూ నేనే. బడికి సెలవులు వేసవిలోనే కదా. కాయలు దిగేదాకా రోజూ పొద్దున్నే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తోటల మధ్య రోడ్డు మీద నడపడం అలవాటు చేసుకునేదాన్ని. కాయలు డిక్కీ ఎక్కగానే నేను దిగేదాన్ని. అందుకని నేరం నా మీద పడింది. క్లచ్చి ఎక్కువ తొక్కుతానట. హారను ఊరికే కొడతానట. "ఎదురుగా గేదె వస్తే దానికీ హారనే, పిట్ట వాలితే దానికీ హారనే. బ్యాటరీ ఏమైపోవాలి?" అద్దంలో ముఖం చూసుకుంటానట. దానికీ బ్యాటరీకీ సంబంధమేంటండీ అంటే, "అన్నీ కలిపి" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకే అనుమానం వచ్చింది. మూడో వేసవిలో నేను కారు నడిపిన తీరు ఎవరైనా చూసుంటే జాలిపడేవారు. ఏసీ వెయ్యలేదు. రేడియో పెట్టలేదు. ఎండ చుర్రుమంటుంటే అద్దాలు దించుకుని, చెమటతో తడిసిపోతూ నడిపాను. ఒకరోజు రోడ్డుకి అడ్డంగా ఒక గేదె పడుకుని నెమరేస్తోంది. హారను కొట్టలేదు. అది తనంతట తాను లేచిపోయేదాకా కూర్చున్నాను. అది తీరిగ్గా లేచింది. మా ఆయన నా సహనానికి మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

ఎందుకంత భయపడ్డానంటే, ఆ ఏడు మొదట్లోనే ఆయన తేల్చి చెప్పారు. "ఈసారి కూడా పోతే కారు అమ్మేద్దాం. ఏడాదికో బ్యాటరీ మింగే బండి మనకెందుకు?" కారు పోతే ఇంక నా లైసెన్సు పర్సులో ఫోటోగానే మిగిలిపోతుంది.

కాయలు వచ్చాయి. డిక్కీ నిండింది. తాడు కట్టారు. ఆ మర్నాడు సాయంత్రం గాలిదుమారం రేగి కరెంటు పోయింది. తీగ మీద బట్టలు ఎగిరిపోతాయని పెరట్లోకి పరిగెత్తాను. చీకటి పడుతోంది. బట్టలు చంకన వేసుకుని తిరిగి వస్తుంటే కారు వెనక, తాడు కట్టిన ఆ సందులోంచి, గడ్డి పోచల మధ్య పసుప్పచ్చగా సన్నటి వెలుగు కనిపించింది.

మా అత్తగారు కాయలు సర్దుతూ ఫోన్ మర్చిపోయారేమో అనుకున్నాను. గడ్డిలోకి చెయ్యి పెట్టి తడిమాను. ఎడమ మూలకి వెళ్ళేసరికి వేళ్ళకి వేడి తగిలింది. గడ్డి వెచ్చగా ఉంది. దాని వెనక, డిక్కీ గోడకి, బొటనవేలంత బల్బు వెలుగుతోంది. ఆ గడ్డి అంటుకోనందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

అక్కణ్ణుంచే పిలిచాను.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

"కరెంటొచ్చాక వస్తాలే."

"కరెంటొస్తే కనపడదు. ఇప్పుడే రండి."

వచ్చారు. వెనకే మా అత్తగారు. ఆయన వంగి చూశారు.

"ఏంటది?"

"డిక్కీ లైటండీ."

"డిక్కీకి లైటెక్కడుంది?"

ప్రతి ఆదివారం ఆ కారుని బిడ్డకి నీళ్ళు పోసినట్టు కడిగే మనిషి. డిక్కీ ఎప్పుడు తెరిచినా పగలే తెరిచారు, లైటు ఉన్నట్టే తెలీదు. తాడు విప్పి, మూత మీద రెండు చేతులూ ఆనించి నొక్కారు.

"ఒరేయ్, ఒరేయ్! రసాలురా అవి!" అని మా అత్తగారు కేక పెట్టారు.

సందులో వెలుగు ఆరిపోయింది. వదిలారు, వెలిగింది. మళ్ళీ నొక్కారు, ఆరింది. ఎన్నిసార్లు నొక్కారో. ఫ్రిజ్ తలుపు మూస్తే లోపల లైటు ఆరుతుందో లేదో చూసే పిల్లాడిలా అయిపోయారు పాపం. మూత పూర్తిగా పడకపోతే ఆ బల్బు ఆరదు. పళ్ళు తయారయ్యేదాకా, రాత్రీ పగలూ, గడ్డి చాటున ఎవరికీ కనపడకుండా వెలుగుతూ, బ్యాటరీని చుక్క మిగల్చకుండా తాగేసి, చివరికి దాంతోపాటే ఆరిపోతుంది. ఇంతే సంగతి. దీనికి నా క్లచ్చి, నా హారను, నా ముఖం.

నాకు నవ్వు రాలేదు. ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. రెండూ మింగి అడిగాను.

"కారు ఆగిపోయేముందు ఆఖరుసారి దీన్ని ముట్టుకుందెవరండీ?"

ఆయన నెమ్మదిగా తల తిప్పి వాళ్ళమ్మ వైపు చూశారు.

"నన్ను చూస్తావేంట్రా? నేనేమన్నా స్టీరింగు పట్టుకున్నానా?" అన్నారు మా అత్తగారు. తర్వాత ఆ మూల వైపు చూశారు. ఆవిడ గొంతు చిన్నబోయింది. "అయితే అది ఆగ్నేయం వల్ల కాదంటావా అమ్మాయ్?"

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. "ఆగ్నేయమే అత్తయ్యా. అగ్ని అక్కడే ఉంది" అన్నాను.

మా ఆయన ఆ బల్బు పీకబోయి వేలు కాల్చుకున్నారు. పోన్లే అనుకున్నాను. చల్లారాక పీకేశారు. మా అత్తగారికి మాత్రం అది ఒప్పుదల కాలేదు. "మరి ఆ మూల కాయలు ఎలా పండుతాయిరా?" అని పళ్ళు చేతికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నారు. ఆ బల్బుని పారెయ్యనివ్వకుండా దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన పెట్టుకున్నారు.

ఆ ఏడు అన్ని మూలలా ఒకేసారి పండాయి. గడ్డి ఎత్తేసి, డిక్కీ ఊడ్చేసిన రోజున మా ఆయన కారులో కూర్చున్నారు. నేను వాకిట్లో నిలబడ్డాను. ఆయన తాళం తిప్పారు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయన వెంటనే దిగలేదు. ఇంజను చప్పుడు వింటున్నట్టు కూర్చున్నారు. తర్వాత ఆపి, దిగి, నా పక్కనుంచి లోపలికి వెళ్తూ, "బ్యాటరీ బాగానే ఉంది" అన్నారు. తాళంచెవి కారులోనే ఉంది. సారీ అన్న మాట మా ఆయన ఆఫీసులోనే వాడతారు, ఇంటికి తీసుకురారు. ఆ వేలాడుతున్న తాళంచెవే నాకు చెప్పిన సారీ అని నాకు తెలుసు.

జూన్‌లో బడి తెరిచిన రోజున నేను కారు నడుపుకుంటూ చాట్రాయి వెళ్ళాను. దారి పొడుగునా కలెక్టరు మామిడికాయల లోడ్లతో ట్రాక్టర్లు. ఒక్కో ట్రాక్టరుకీ హారను కొట్టాను. అవసరమైనచోటా కొట్టాను, లేనిచోటా కొట్టాను. మూడు వేసవుల బాకీ. ప్రార్థన మొదలుకాకముందే మైదానంలో చెట్టు నీడన కారు ఆపి దిగితే, పిల్లలు వరసలు తప్పి చూశారు. హెడ్మాస్టరుగారు వాళ్ళని కసరబోయి తానే చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం మొదలు మా ఆయనకి ఒక అలవాటైంది. నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే అడుగుతారు.

"ఎలా ఉంది?"

"బానే ఉన్నానండీ. కాస్త తలనొప్పి."

"నీ సంగతి కాదు, బ్యాటరీ."

ఇదివరకు ఆయన కడిగితే కారు బయట మాత్రమే మెరిసేది. ఇప్పుడు బానెట్టు ఎత్తి బ్యాటరీని కూడా తుడవడం మొదలుపెట్టారు. ఎవరైనా ఇంటికొస్తే బ్యాటరీ నిలబడాలంటే ఏం చెయ్యాలో చెబుతారు. రోజూ బండి కదలాలట. ఊరికే నిలబెడితే చచ్చిపోతుందట. దిగేముందు లైట్లన్నీ చూసుకోవాలట. వచ్చినవాళ్ళు తలలూపుతుంటే నేను కాఫీలు తెచ్చి ఇస్తాను. ఏమీ అనను. ఒక్కోసారి మాత్రం, "డిక్కీ లైటు కూడానండీ" అంటాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. మొన్న జూలైలో, ఆఖరి బెల్లయి, పిల్లలందరూ వెళ్ళాక తాళం తిప్పితే టక్కుమని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. ఈసారి అదీ లేదు. ఇద్దరు మాస్టార్లు తోసి చూశారు. లాభం లేకపోయింది. లైట్లు చూశాను. డిక్కీ చూశాను, ఆ బల్బు లేదని తెలిసి కూడా. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఎక్కడా ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరక్కపోతే అది నాదే అవుతుందని పాత భయం మళ్ళీ లేచింది.

ఫోన్ చేశాను. "బ్యాటరీ పోయిందండీ."

క్లచ్చి అంటారనుకున్నాను.

"అక్కడే ఉండు, వస్తున్నా" అని పెట్టేశారు.

గంటకి పైగా పట్టింది. గేట్లోంచి ఆయన స్కూటరు వచ్చింది. కాళ్ళ దగ్గర, గోనెపట్టా మీద కొత్త బ్యాటరీ. ఆయన ముఖమంతా దుమ్ము. కొట్టాయన దగ్గర నేర్చుకున్న పనితనంతో పాతదాన్ని విప్పి, కొత్తది పెట్టి బిగించారు. నేను పక్కన నిలబడి, అడక్కముందే చెప్పుకున్నాను.

"నేను లైట్లు ఆర్పానండీ. రోజూ ఆర్పుతాను. హారను కూడా ఈమధ్య..."

"ఇది ఎన్ని కాపులు చూసిందో లెక్కపెట్టావా?" అన్నారు ఆయన, పాత బ్యాటరీని నేల మీద పెట్టి గుడ్డతో తుడుస్తూ. మా వైపు చెట్టు వయసు అలాగే చెప్పుకుంటారు. "లైటు పీకిన ఏడు ఒకటి. తర్వాతేడు పూత మాడిపోయింది, అయినా కాపు కాపే. ఆ పైన విరగకాసిన ఏడు. మొన్నటిదొకటి. నాలుగు."

"నాలుగు" అన్నాను.

"కొట్టాయన మహా అయితే నాలుగన్నాడు కదా. ఇన్నాళ్ళకి మనింట్లో ఒక బ్యాటరీ ముసలిదై పోయింది. నీ చేతిలోనే." తల ఎత్తకుండానే అన్నారు. "బాగా నడిపావు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పనికిరాని బ్యాటరీ ముందు నిలబడి, నలుగురికి చదువు చెప్పే ఆడమనిషి, కళ్ళు తుడుచుకుంది. లైసెన్సు ఇచ్చిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆయన పాతదాన్ని స్కూటరు మీద, కాళ్ళ దగ్గర పెట్టుకుని ముందు బయల్దేరారు. అది కదిలిపోకుండా, పెద్దవాళ్ళని ఎక్కించుకున్నట్టు నెమ్మదిగా పోతున్నారు. నేను కారులో వెనక. తోటల మధ్య ఆ రోడ్డు మీద చాలాసేపు అలాగే వెళ్ళాం. చివరికి ఉండబట్టలేక ఒక్కసారి హారను కొట్టాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఎడమ పక్కకి జరిగి, చెయ్యెత్తి, ముందుకి పొమ్మని ఊపారు.

నేను దాటి వెళ్ళాను.